మత్రాలో మాయమైన బందరు మనిషి

“మనిషి పోయిందెప్పుడు?” అన్నాడు డిటెక్టివ్ ఓబులేసు, ట్యాక్సీ తలుపు ఇంకా మూయకముందే.

“మధ్యాన్నం అన్నా. అన్నాలు తిన...”

“చాలు. అన్నాలు తిన్నాక పొయ్యినాడు. అంటే ఆకలికి పోలేదు. ఒక దారి మూసుకుపోయింది.”

“తినకముందే పొయ్యినాడన్నా,” అన్నాడు ఇర్షాద్ నీరసంగా.

మూసుకుపోయిన దారిని ఓబులేసు ఎవరూ చూడకుండా మళ్లీ తెరుచుకున్నాడు. ఆయన పద్ధతి అది. సాక్షి సగం మాట చెబితే చాలు, మిగతా సగం తన బుర్రే చెబుతుందంటాడు. మస్కట్ హమ్రియాలో ఆయనకొక మెస్సుంది. సంగటి, పప్పు, ఊరుబిండి వడ్డించగా మిగిలిన కాలంలో దొంగల్ని పడతాడు. ప్రొద్దుటూరు దిక్కు హోంగార్డుగా చేసిన రోజుల్లో, తప్పిపోయిన ఎనుమును దాని పాలతో కాచిన టీ తాగి, “ఇది మన రామిరెడ్డి ఎనుమే” అని పట్టించాడని ప్రతీతి. ఆ ప్రతీతిని కన్నదీ, పెంచి పెద్దచేసిందీ ఆయనే. మస్కట్ వచ్చాక రూవీలో ఒక రూమ్‌లో కుక్కరు విజిలు పోతే, రూమ్‌లో ఉన్న వాళ్లందరినీ నోటితో విజిలేయమని, వేయలేక నవ్వినవాడి పరుపు కింద దాన్ని దొరకబట్టాడు. ఆ కేసు మాత్రం నిజం. విజిలు ఇప్పటికీ సాక్ష్యం చెబుతుంది, రోజుకు నాలుగు కూతలు.

మత్రా సముద్రం ఒడ్డున మినీ బస్సు నిలబడి ఉంది. లోపల బందరు మిఠాయి వ్యాపారుల బృందం. మూడు రోజులు మస్కట్ అంతా తిరిగి, రాత్రి తొమ్మిదింటి ఫ్లైటుకు ఇంటిముఖం పట్టాల్సిన వాళ్లు. వాళ్లలో ఒకరు తక్కువ. ఆ తక్కువైన మనిషి పేరు అంకయ్య. బందరులో ఆయన కొట్టు ముందునుంచి పోయేవాడు జేబు తడుముకోకుండా పోలేడట.

కడప కుర్రాడు ఇర్షాద్ ఆ బస్సుకు డ్రైవరూ గైడూ. నిక్కచ్చిగా చెప్పాలంటే, తొమ్మిదింటి వరకే. అంకయ్య లేకుండా బస్సు ఎయిర్‌పోర్టుకు చేరితే నీ వీసా క్యాన్సిల్ అని టూరు కంపెనీ మేనేజరు నిజాముద్దీన్ ఫోన్లో చెప్పేశాడు. వచ్చే వారం ఇర్షాద్ పెళ్లాం అరీబా ఫ్యామిలీ వీసా మీద రాబోతోంది. ఘుబ్రాలో రూమ్ మాట్లాడాడు, మంచం కొన్నాడు, కర్టెన్లకు రంగు ఆమే ఎంచింది.

“కర్టెన్లు కుట్టించినావా?”

“నిన్ననే కట్టినానన్నా.”

“విప్పాకు,” అన్నాడు ఓబులేసు. “ఆయప్పను నేను తెస్తా. భార్య ఎవరు?”

భార్య నాంచారమ్మ బస్సులో కిటికీ పక్కన కూర్చుని బఠాణీలు నములుతోంది. మొగుడు పోయిన మనిషిలా లేదు. ఆటో ఇంకా రాలేదన్న మనిషిలా ఉంది.

“అమ్మా, మీవారు కడసారి మీతో అన్న మాటేంది?”

“ఇదీ ఒక హల్వాయేనా, అన్నారండి.”

“ఎవరితో?”

“నాతోనే. నిన్న హోటల్లో మస్కట్ హల్వా పెట్టారుగా. ఒక ముక్క నోట్లో వేసుకుని రాత్రంతా నిద్రపోలేదు బాబూ. పాకం ముదిరింది, కుంకుమపువ్వు ఎక్కువైంది, చెయ్యి తిప్పడం రాదు వీళ్లకి అని గోడతో చెబుతూనే ఉన్నారు. ఆయన అన్నం లేకపోయినా ఉంటారు గానీ, తప్పు పాకం చూస్తే మాత్రం ఉండలేరు.”

“గుర్తులు?”

“మెడలో ఎర్రంచు తువ్వాలు. చేతిలో లడ్డూల పెట్టె. ఈ దేశంవాళ్లకి రుచి చూపిస్తానని మోసుకొచ్చారు. పెట్టె కూడా పోయిందండి,” అంది. పెట్టె మాట చెప్పేటప్పుడు మాత్రం కొంగుతో కళ్లొత్తుకుంది.

ఓబులేసు ఇర్షాద్ వైపు తిరిగాడు. “నువ్వు ఆయనకు కడాకు చెప్పిందేంది?”

“నేనేం చెప్పలేదన్నా. రోజూ చెప్పే గైడు మాటలే. అదిగో పోర్చుగీసోళ్ల కోట, ఇది సూక్, అంటే పాత బజారు, ఈ రేవుకు ఎన్నో వందల ఏండ్లు...”

“నడుమ నడుమ నీ సొంత సరుకు కలపలేదా?”

ఇర్షాద్ నేల చూశాడు. “జనాలకు నిద్రొస్తాంటే కొంచెం కలపాల గదన్నా. బందరోళ్లు గదా అని... మీ బందరుకు ఈడ్నించే ఓడలు పొయ్యేవి, ఇప్పుడు గూడా ఈడ లాంచీ ఎక్కి కండ్లు మూసి తెరిస్తే మీ బందరే అని చెప్తి. అందరూ నగినారు.”

“ఆయన నగినాడా?”

ఇర్షాద్ తల గోక్కున్నాడు. “ఆయప్ప నగలేదన్నా. ఛార్జీ ఎంతనడిగినాడు.”

ఓబులేసు కళ్లు మెరిశాయి. భూతద్దం బయటికి తీశాడు. మెస్సులో కందిపప్పులో రాళ్లు ఏరడానికి కొన్న భూతద్దం అది. దానితో ఏం చూడాలో తోచక బస్సు టైరు చూశాడు. సరిగ్గా అప్పుడే ఆ అద్దంలోకి తళతళలాడే రెండు బూట్లు వచ్చి నిలబడ్డాయి.

“ఏమయ్యా ఓబులేసు, పప్పు పొయ్యి మీద పెట్టి వచ్చినవా? మాడుతది, పో.”

నిజాముద్దీన్‌ది హైదరాబాద్ పాతబస్తీ. ఎండ కాస్తున్నా కోటు వేస్తాడు. చెవిలో బ్లూటూత్ పెట్టుకుని ఎవరితో మాట్లాడుతున్నాడో ఎవరికీ తెలియకుండా మాట్లాడతాడు. పోయినేడు ఓ హోటల్లో పోయిన సూట్‌కేసును ఇతను వెతుకుతుండగా ఓబులేసు ముందే కనిపెట్టాడు. అది నిజాముద్దీన్ సూట్‌కేసే కావడంతో, ఇద్దరికీ అప్పటినుంచి పడదు.

“మీ మెస్సుల ఇట్ల కేసులు పప్పుతో ఫ్రీయా?” అన్నాడు నిజాముద్దీన్. “నేను కేసు ఎప్పుడో తేల్చిన. సూక్‌ల అత్తరు దుకాణపాయనను అడిగిన. బాబా బందర్ బందర్ అనుకుంట తిరిగిండు అని చెప్పిండు. బందర్ అంటే ఏంది? కోతి. మా దిక్కు పాలు తాగే పోరనికి ఎరుకే.”

“మస్కట్‌లో కోతి యాడుంది సామీ?”

“గదే నా డౌటు. లేని కోతి ఎట్ల వచ్చింది? ఎవడో తెచ్చిండు. కోతిని ఆడిస్తరు, ముసలాయన చూస్తడు, ఎనక నుంచి ఒకడు పట్కపోతడు. గ్యాంగు పని మియా. ఇద్దరు మనుషుల్ని కోతి కోసం పంపిన.”

నాంచారమ్మ బఠాణీ నమలడం ఆపింది. “ఆయనకి కోతులంటే పడదు బాబూ. కొట్లో బెల్లం ఎత్తుకుపోతాయి.”

“చూసినవా, శత్రుత్వం కూడ ఉన్నది,” అన్నాడు నిజాముద్దీన్.

ఓబులేసు చిరునవ్వు నవ్వాడు. ఎదుటివాడు గోతిలో దిగాక నవ్వే నవ్వు. “నిజాముద్దీన్ సాబ్, మా తెలుగులో బందరంటే కోతి కాదు, ఊరు. మచిలీపట్నం. ఆయప్ప ఊరు మీద బెంగ పెట్టుకుని నేరుగా ఎయిర్‌పోర్టుకు పొయ్యుంటాడు. ఇప్పుడు ఆడ బెంచీ మీద కూర్చుని లడ్డు తింటాంటాడు. పదండి.”

“పాస్‌పోర్టులన్నీ నా సంచిలో ఉండాయన్నా,” అన్నాడు ఇర్షాద్, భుజాన సంచి తట్టి. “ఎయిర్‌పోర్టులో గేటు గూడా దాటనియ్యరు.”

నిజాముద్దీన్ గట్టిగా నవ్వాడు. అలా నవ్వడంలో బ్లూటూత్ ఊడి కింద పడింది. అది ఏరుకునేలోగా ఓబులేసు తన ఊరి సిద్ధాంతాన్ని మడిచి జేబులో పెట్టుకుని ఇంకొకటి తీశాడు.

“అత్తరాయన బాబాను ఎప్పుడు చూసినాడంట?”

“దుకాణం మూసుకుంట చూసిండట.”

“అంటే పగలు ఒంటిగంటకు. ఆ తర్వాత సాయంత్రం దాకా సూక్ మొత్తం బంద్. షట్టర్లు దించిన సందులో కొత్త మనిషి ఏం చేస్తాడు? కొనేదానికి లేదు, అడిగేదానికి మనిషి లేడు. ముక్కు ఒక్కటే పని చేస్తాది.” ఓబులేసు తన ముక్కు పైకెత్తాడు. “షట్టరు దించినా వాసన ఆగని దుకాణం ఏది ఇర్షాదూ?”

ఇర్షాద్ ముఖం వెలిగింది. “హల్వా దుకాణం అన్నా. మధ్యాన్నమే వండుతారు, ఎనక పక్క.”

ముగ్గురూ సూక్‌లోకి నడిచారు. నడిచారనడం మర్యాదకు. నిజాముద్దీన్ ముందు పోతే ఓబులేసు ముందుకు పోయాడు, ఓబులేసు ముందుకు పోతే నిజాముద్దీన్ పరిగెత్తాడు. దుకాణాలు అప్పుడే తెరుస్తున్నారు. సాంబ్రాణి బుట్టలవాడు ఈ ఇద్దరినీ చూసి సరుకు లోపలికి లాక్కున్నాడు.

హల్వా దుకాణం వెనుక వంటసాలలో, మనిషి కూర్చుని స్నానం చేయగలిగినంత రాగి బాన ఉంది. పొయ్యి ఆర్పి చాలాసేపు కాలేదు. ఓబులేసు వంగి నేల మీద ఒక పసుపుపచ్చ పలుకును వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నాడు. కళ్లు మూశాడు. రామిరెడ్డి ఎనుము రోజులు గుర్తొచ్చాయి.

“శనగపిండి. బెల్లం. యాలకులు. రోట్లో దంచినది. బందరు లడ్డు.”

“కింద పడింది తింటవా? థూ,” అన్నాడు నిజాముద్దీన్. కానీ తనూ ఒక పలుకు తీసి, చూసీ చూడనట్టు నోట్లో వేసుకున్నాడు. తర్వాత ఇంకొకటి.

అంతకంటే పెద్ద గుర్తు బానలోనే ఉంది. నిలువెత్తు గరిట, దాని పిడికి చుట్టలు చుట్టలుగా కట్టిన తువ్వాలు. ఎర్రంచు.

“కాడ కాలకుండా మన మిఠాయోళ్లు ఇట్ల గుడ్డ చుడతారు,” అన్నాడు ఓబులేసు. “ఆయప్పను ఎవురూ ఎత్తుకుపోలేదు. ఈడికొచ్చి, గరిట గుంజుకుని, వీళ్లకు పాకం నేర్పినాడు.”

అప్పుడు దుకాణదారుడు లోపలికొచ్చాడు. బలూచీ మనిషి, పొట్ట ముందు, నవ్వు ఆ వెనుక. మత్రాలో పుట్టి పెరిగినా హిందీ బాగానే మాట్లాడతాడు. బాబా మాట ఎత్తగానే రెండు చేతులూ గుండె మీద పెట్టుకున్నాడు. ముసలాయన షట్టరు మీద దబదబ కొట్టి లోపలికొచ్చాడట. హల్వా రుచి చూసి ఏడుపు ముఖం పెట్టాడట. భాష తెలియదు, అయినా సాయంత్రం అసర్ నమాజుకు బాంగు పడే వరకూ ఇద్దరూ ఒకే గరిటె తిప్పారట. తన తండ్రి పోయాక ఇంత మంచి హల్వా ఈ బానలో ఉడకలేదట.

“ఫిర్?” అన్నాడు ఓబులేసు.

“ఫిర్ బాబా బోలా, బందర్.” దుకాణదారుడు అంకయ్యలా మెడ ఊపి చూపించాడు. “హర్ బాత్ మే బందర్. బందర్ హల్వా, బందర్ లడ్డు, బందర్ చలో. మై సమజ్ గయా, బాబా కో ఘర్ జానా హై. మేరా మామూ కా లాంచీ హై నా. మై బోలా, బందర్ అబ్...”

“బస్,” అన్నాడు ఓబులేసు అరచేయి చూపించి. “ఇంగ చాలు.”

“లేకిన్ దోస్త్, బందర్ అబ్...”

“బస్ అన్నా గదా.” ఓబులేసు గర్వంగా వెనక్కి తిరిగాడు. “ఇన్నారా? బందర్ అబ్. అబ్ అంటే ఇప్పుడు. ఆయప్పకు ఇల్లు చేరాలనుందని, మా మేనమామ లాంచీ బందరుకు ఇప్పుడే పోతాంది, ఎక్కు అన్నాడు. ఇర్షాదూ, నువ్వు అబద్ధానికి చెప్పిన లాంచీ నిజంగా ఉంది.”

“ఒమన్ నుంచి మచిలీపట్నంకు లాంచీయా?” నిజాముద్దీన్ నెత్తి కొట్టుకున్నాడు. “దానికన్న నా కోతి నయం.”

ఇర్షాద్ నెమ్మదిగా అన్నాడు. “అన్నా, ఈళ్ల మాటలో బందరంటే రేవు. రేవు దగ్గర దింపినాడేమో.”

“నేనూ అదే అనబోతి,” అన్నాడు ఓబులేసు.

దుకాణదారుడు ఇంకా ఏదో చెప్పబోతూ వెనకాలే గుమ్మం దాకా వచ్చాడు. డిటెక్టివులిద్దరూ అప్పటికే సందు మలుపు తిరిగారు.

చేపల మార్కెట్టు పక్కన రేవులో పాత చెక్క లాంచీ ఒకటి ఆగి ఉంది. దాని మీద టైర్లు, ఫ్రిజ్‌లు, బియ్యం బస్తాలు. బస్తాల మీద రాజులా కాలు మీద కాలేసుకుని ఓ బక్కపలచటి పెద్దాయన కూర్చుని ఉన్నాడు. చుట్టూ నలుగురు నావికులు గుండ్రంగా చేరి చేతులు చాచారు. ఆయన పెట్టెలోంచి ఒక్కొక్క లడ్డూ తీసి వాళ్ల చేతుల్లో ప్రసాదంలా పెడుతున్నాడు.

“అంకయ్యగారూ,” అని పిలిచాడు ఇర్షాద్, ఏడుపూ నవ్వూ కలిపి.

“రావయ్యా ఇర్షాదూ. నువ్వు చెప్పింది నిజమేనోయ్. లాంచీ ఉంది. ఛార్జీ కూడా అడగలేదు, లడ్డూలు చాలన్నారు. మంచివాళ్లు.”

నిజాముద్దీన్ గట్టుకు వేసిన చెక్క పలక మీదుగా లాంచీ ఎక్కేశాడు. దొరికిన మనిషి పక్కన మొదట నిలబడిన వాడిదే కేసు కాబట్టి, ఓబులేసు పలక కోసం ఆగకుండా దూకాడు. టైర్ల మధ్య పడ్డాడు, లేచాడు, అంకయ్య కుడి భుజం పట్టుకున్నాడు. ఎడమ భుజం అప్పటికే నిజాముద్దీన్ పట్టులో ఉంది.

“దిగండి పెద్దాయనా, తొమ్మిదింటికి ఫ్లైటు.”

“ఎందుకండీ దిగడం?” అన్నాడు అంకయ్య తాపీగా. “ఆ ఫ్లైటు హైదరాబాదులో దింపుతుంది. అక్కణ్ణుంచి మళ్లీ రాత్రంతా బస్సు. ఇది తిన్నగా బందరే. మా ఆవిడకి చెప్పండి, ఇంటికెళ్లి పాలు తోడుపెట్టి ఉంచుతానని.”

“మొదలు ఒక ఫోటో,” అన్నాడు నిజాముద్దీన్. “ఇర్షాద్, కంపెనీ గ్రూపుల పెట్టాలె. నేను పట్టుకున్నట్టు తియ్యి. ఓబులేసు పడకుండ తియ్యి.”

“ఆ తువ్వాలు చూసింది నేను. నేను లేకుండా ఫోటో యాడిది?”

“రేవు కాడికి తెచ్చింది నా డ్రైవరు.”

“మధ్యాన్నం నించి వీసా క్యాన్సిల్ అంటివి, ఇప్పుడు నీ డ్రైవరా?”

“క్యాన్సిల్ గురించి తర్వాత చూస్త. ముందు ఫోటో.”

గట్టు మీద ఇర్షాద్ ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. ఒకరు ముందుకు జరిగితే ఇంకొకరు అంతకంటే ముందుకు జరిగారు. మధ్యలో అంకయ్య లడ్డూ ఎత్తి పట్టుకుని నవ్వాడు. కాళ్ల కింద ఏదో గుడగుడమంది. ఓబులేసు దాన్ని నిజాముద్దీన్ కడుపనుకున్నాడు. నేల మీది లడ్డు తిన్నవాడికి అలాగే కావాలనుకున్నాడు.

“అన్నా,” అన్నాడు ఇర్షాద్ ఫోన్లోకి చూస్తూ.

“తియ్యిరా, మాట్లాడాకు.”

“తీస్తానన్నా. కానీ మీరు చిన్నగైతాండారు.”

“జూమ్ చెయ్యి.”

“చేసినా. అయినా చిన్నగైతాండారు.”

ఓబులేసు అప్పుడు తల తిప్పాడు. లాంచీ ఎక్కిన పలక గట్టు మీద ఉంది. గట్టుకూ లాంచీకీ మధ్య రెండు బారల నీళ్లున్నాయి. చూస్తుండగానే నాలుగు బారలయ్యాయి. దూకుదామని నిజాముద్దీన్ అంచుదాకా పోయి, తన బూట్లవైపు చూసుకుని, వెనక్కొచ్చాడు.

చుక్కాని దగ్గర గడ్డం నెరిసిన కెప్టెను బీడీ కాలుస్తున్నాడు. ఓబులేసు టైర్లు దాటుకుని ఆయన దగ్గరికి పోయాడు. “మామూ, లాంచీ కిదర్ జాతా?”

“బందర్,” అన్నాడు కెప్టెను.

ఓబులేసు నోరు అలవాటుగా తెరుచుకుంది, చాలు అనడానికి. ఎందుకో రాలేదు. పెనం మీద దోసెలాగా ఆ వంటసాల మాట బుర్రలో తిరగబడింది. ఆ హల్వా ఆయన బందర్ అబ్ అన్నాడు. తను బస్ అన్నాడు. రెండుసార్లు అన్నారు, ఇద్దరూ కలిసి. జన్మలో మొదటిసారి ఆయన సాక్షి ముందు చేతులు కట్టుకున్నాడు.

“చెప్పు నాయనా. పూరా బోలో. నేను అడ్డం రాను.”

“బందర్ అబ్బాస్,” అన్నాడు కెప్టెను. “ఇరాన్. కల్ పహుంచేగా. సబ్ కా పాస్‌పోర్ట్ హై నా?”

చేరేది రేపు, అడిగేది పాస్‌పోర్టు. నిజాముద్దీన్ కోటు రెండు జేబులూ తడిమాడు. ఒకదాంట్లో బ్లూటూత్, ఇంకొకదాంట్లో లడ్డు పలుకులు. ఓబులేసు దగ్గర భూతద్దం ఉంది. అంకయ్య పాస్‌పోర్టు ఇర్షాద్ సంచిలో భద్రంగా గట్టు మీద ఉంది.

“ఇరానా?” అన్నాడు అంకయ్య ఆసక్తిగా. “అక్కడ హల్వా పాకం ఎట్లా పడతారండీ?”

నిజాముద్దీన్ తన జీవితంలో ఎప్పుడూ పట్టుకోనంత గట్టిగా లాంచీ అంచు పట్టుకున్నాడు. ఇక గట్టు మీద ఉన్నది ఒక్క ఇర్షాదే. కోస్ట్‌గార్డును పిలవాలన్నా, ఆ హల్వా ఆయన చేత మామూకు ఫోన్ చేయించాలన్నా, బస్సును ఎయిర్‌పోర్టు దారి పట్టించకుండా ఆపాలన్నా ఆ ఒక్కడే.

“ఇర్షాద్ భాయ్,” అని అరిచాడు నిజాముద్దీన్. భాయ్ అనడం అదే మొదలు. “నీ వీసా క్యాన్సిల్ చే...”

ఇంజను ఒక్కసారి ఉరిమింది. పొగ వచ్చి మాట మీద కూర్చుంది. చేస్తాననో, చెయ్యననో, రెండో ముక్క నీళ్లలో పడిపోయింది.

గట్టు మీద ఇర్షాద్ ఫోన్ దించాడు. చెవి దగ్గర చేయి పెట్టుకున్నాడు. గాలికి ఎదురుగా, ఒక్కో మాట విడివిడిగా, చాలా మర్యాదగా అరిచాడు.

“సగమే ఇనిపించింది సార్. మొత్తం చెప్పండి.”